నీకూ దిగిందా

మా అమ్మ మధ్యాహ్నం పూట గోడకి కాళ్ళు ఆనించి పడుకునేది. వసారాలో చాప పరుచుకుని, నడుం కింద దిండు పెట్టుకుని, రెండు కాళ్ళూ గోడ మీదికి ఎత్తి అరగంటసేపు కళ్ళు మూసుకునేది. ఆ అరగంటలో ఎవరూ పిలవకూడదు. చుట్టాలెవరైనా వస్తే మాత్రం గభాల్న లేచి చీర సర్దుకునేది. అదొక వింత అలవాటనుకున్నాం పిల్లలం. నేనైతే బళ్ళో స్నేహితురాళ్ళకి 'మా అమ్మ గోడెక్కి పడుకుంటుంది' అని చెప్పి నవ్వించాను కూడా.

ఆ కాళ్ళు గోడ మీద ఎందుకున్నాయో నాకు 1994లో తెలిసింది. అప్పటికి నాకు 34 ఏళ్ళు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. స్త్రీవాద కవిత్వం మీద ఎంఫిల్ చేశాను. స్త్రీ శరీరం మీద పితృస్వామ్యం చేసే పెత్తనం గురించి రెండు సెమినార్లలో పత్రాలు చదివాను. ఒకరోజు తమ్ముడు ఫోన్ చేసి అమ్మకి మూత్రం ఆగిపోయిందనీ, ఒంగోలు తీసుకొస్తున్నామనీ చెప్పాడు. నర్సింగ్‌హోమ్‌లో డాక్టరమ్మ పరీక్ష చేసి బయటికొచ్చి నన్ను పక్కకి పిలిచింది. "మీ అమ్మగారికి గర్భసంచి పూర్తిగా బయటికి జారిపోయింది. పుండు కూడా పడింది. నిన్నా మొన్నటిది కాదిది, పాతికేళ్ళది. ఆడపిల్లవి నువ్వుండి చూసుకోలేదా?" అంది.

నేను తల దించుకున్నాను. మా నాన్న మాత్రం దించుకోలేదు. "చెప్పలేదుగా! చెబితే చూపించకపోదునా?" అన్నాడు. తమ్ముడూ అదే మాటన్నాడు. తర్వాత చాలా ఏళ్ళపాటు, ఎవరడిగినా, నేనూ అదే అన్నాను. అమ్మ చెప్పలేదు.

ఈ 'చెప్పలేదు' అన్న మాట సంగతి తేల్చుకోవాలనే ఈ వ్యాసం. మనిషికి ఒక బాధ ఉంది, ఆమె చెప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియదు. తెలియనివాళ్ళ తప్పేముంది? పైకి చూస్తే ఏమీ లేదు. నీతిశాస్త్రం కూడా చాలావరకు అట్లాగే లెక్క వేస్తుంది, ఎరిగి చేసినదే తప్పని. కానీ మా ఇంట్లో సంగతి అంత తేలిక కాదు. తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆ మాటకొస్తే అమ్మ చెప్పింది కూడా. మాకు కాదు, అంతే.

అసలు జరిగేదేమిటో ముందు చెప్పాలి. మనలో చాలామందికి గర్భసంచి జారడమంటే ఏదో తెగి ఊడిపడడమన్న ఊహ ఉంది. నాకూ ఉండేది. నులకమంచాన్ని తలుచుకోండి. కటిలో అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు నులకలాగా అల్లుకుని ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వాటి మీద ఆని ఉంటాయి. పై నుంచి, పక్కల నుంచి పట్టి ఉంచే బంధనాలు వేరే ఉన్నాయి. కాన్పులో ఆ నులక సాగుతుంది, ఒక్కోసారి పట్టె దగ్గరే ఊడుతుంది. నొప్పులు ఎక్కువసేపు సాగినా, దారి పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమని తొందరపెట్టినా, బిడ్డ పెద్దదైనా, పట్టుకారు వేసి లాగినా దెబ్బ పెద్దదవుతుంది. ఆపైన బరువులు, విడవని దగ్గు, మలబద్ధకం. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఉన్న పట్టు కూడా సడలుతుంది. కొందరికి పుట్టుకతోనే కణజాలం మెత్తన. అందుకే ఒక్క కాన్పూ లేనివాళ్ళకి కూడా ఇది రావచ్చు. జారేది ఎప్పుడూ గర్భసంచే కానక్కర్లేదు. ముందు గోడ సడలితే మూత్రాశయం దిగుతుంది, వెనక గోడ సడలితే పేగు ముందుకు పొంగుతుంది. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి బరువెక్కుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది. గోడకి కాళ్ళు ఆనించడం వెనక ఉన్న శాస్త్రం అదే.

పాతకాలంలో ఇది తెలియనిదేం కాదు. సుశ్రుతుడు యోనివ్యాపత్తుల్లో ప్రస్రంసిని అని ఒకదాన్ని చెప్పాడు. స్రంసమంటే జారడమే. గ్రీకు వైద్యులు ఆడమనిషిని నిచ్చెనకి తలకిందులుగా కట్టి కుదిపేవాళ్ళట. దానిమ్మచెక్కని లోపల ఆనిక పెట్టడం కూడా వాళ్ళ పుస్తకాల్లో ఉంది. మా అమ్మ గోడా, ఆమె గుడ్డ ఉండా ఏ వంశానికి చెందినవో చదువుతుంటే నవ్వొచ్చింది నాకు. ఆ గుడ్డ ఉండ సంగతే ఇప్పుడు చెప్పాలి.

2009లో, నాన్న పోయిన మరుసటేడు, అమ్మ నా దగ్గర నాలుగు నెలలుంది. అప్పుడు చెప్పింది. పదిహేనేళ్ళకి పెళ్ళి, ఐదు కాన్పులు, ముగ్గురం మిగిలాం. మొదటి కాన్పుకి పుట్టింట్లో మూడు నెలలు మంచం దిగనివ్వలేదట. నాలుగోది అత్తగారింట్లోనే, నూర్పిళ్ళ కాలంలో. రెండు రోజులు నొప్పులు. మంత్రసాని పొట్ట మీద అదిమింది. పథ్యం మాత్రం లోటు లేకుండా పెట్టారు. కాయం తినిపించారు, చెవుల్లో దూది పెట్టారు, చల్లగాలి తగలనివ్వలేదు. పదమూడో రోజున కళ్ళంలో కూలీలకి అన్నం వండించారు. గాలి దగ్గర అంత జాగ్రత్త పడ్డ ఇల్లు గుండిగ బరువు దగ్గర ఎందుకు పడలేదో మరి. గాలి నమ్మకానికి ఖర్చు లేదు, విశ్రాంతికి ఒక మనిషి చాకిరీ తగ్గుతుంది. కారణం అదేననుకుంటాను.

కొన్నాళ్ళకి కాళ్ళ మధ్య ఏదో ఉన్నట్టు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. తెల్లబట్ట ఎక్కువైంది, గుడ్డలు ఎక్కువ పడుతున్నాయి. ఆ గుడ్డలే బయటపెట్టాయి. మా ఇంటికి బట్టలకొచ్చే ఆవిడ ఒకరోజు మూట కట్టుకుంటూ గొంతు తగ్గించి అడిగిందట. "ఏందమ్మా, నీకూ దిగిందా?"

ఊళ్ళో అందరూ ఆమెని కులం పేరుతోనే పిలిచేవాళ్ళు. ఆమెకొక పేరుందని నాకు పదేళ్ళు వచ్చాక తెలిసింది. అమ్మ కన్నా ఐదారేళ్ళు పెద్దది. అయినా అమ్మ 'ఏమే' అనేది, ఆమె 'అమ్మా' అనేది. ఊళ్ళో ఆడవాళ్ళ ఒళ్ళు ఆమెకి తెలిసినంతగా మొగుళ్ళకి తెలియదు. ఎవరికి ముట్టు ఆగింది, ఎవరికి కడుపు పోయింది, ఎవరిని రాత్రి కొట్టారు, అన్నీ బట్టలే చెప్పేవి. ఆమెకి మూడో కాన్పు తర్వాత దిగిందట. పురుడొచ్చిన తొమ్మిదో రోజున ఇంకొకరి పురిటి బట్టలు ఉతకడానికి చెరువులో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడింది. మెత్తటి పాతగుడ్డని నిమ్మకాయంత ఉండ చుట్టి, ఆముదంలో ముంచి, పొద్దున లేవగానే లోపలికి నెట్టి పెట్టుకోవడం అమ్మకి నేర్పింది ఆమె. రాత్రికి తీసి, ఉడకబెట్టి ఆరేసుకోవాలి. దాదాపు 28 ఏళ్ళు అమ్మ ఆ ఉండతోనే తిరిగింది, మా పెళ్ళిళ్ళు చేసింది.

ఇది విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది, ఒప్పుకోవాలి. కులం గీత దాటి ఇద్దరు స్త్రీలు తమ శరీరాల గురించి మాట్లాడుకున్నారు! మన పత్రికల్లో రాసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? సిస్టర్‌హుడ్ అని మనసులో ఒక శీర్షిక కూడా పెట్టేసుకున్నాను. అమ్మ అప్పటికి ఇంకా పూర్తి చెయ్యలేదు.

"అప్పట్నుంచీ బావి నుంచి నీళ్ళు తెచ్చే పని దానికి అప్పజెప్పా" అంది. "పొద్దున ఆరు బిందెలు, సాయంత్రం నాలుగు. మీ నాయనమ్మతో నడుం నొప్పని చెప్పా. దానికి అన్నంతో పాటు ఒక గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని."

"ఆమెకీ దిగిందని నీకు తెలుసు గదమ్మా?"

"తెలుసు."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "ఏం చెయ్యమంటావు? నేనన్నా మోయాల, అదన్నా మోయాల. మీ నాన్న మోస్తాడా?" అంది.

అక్కడ ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో రాసిన 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' పుస్తకం మనలో చాలామంది చదివే ఉంటారు. ఒక అనుభవానికి సమాజం దగ్గర మాట లేకపోవడం కూడా ఒక అన్యాయమేనంటుంది ఆమె. లైంగిక వేధింపు అన్న పదం పుట్టకముందు ఆ వేధింపు పడ్డ స్త్రీలకి తమకేం జరుగుతోందో తామే చెప్పుకోలేని స్థితి ఆమె ఇచ్చిన ఉదాహరణ. నేను కొన్నాళ్ళు అమ్మ కథని ఈ చట్రంలో పెట్టి చూశాను. పట్టలేదు. అమ్మ దగ్గర మాట ఉంది. 'దిగింది'. ఒక్క మాటకే ఇద్దరికీ అర్థమైంది. చికిత్స కూడా ఉంది, వాళ్ళకి చేతనైనంత. లేనిది ఆ మాటకి బలం. చాకిరేవు దాటితే దాని విలువ పోతుంది. ఆ మాటని పట్టుకుని నూర్పిళ్ళు ఆపమనలేరు, నలభై రోజులు మంచం మీద ఉంటామనలేరు, ఇంకో కాన్పు వద్దనలేరు. అడిగే హక్కు లేని తెలివిడి ఏం చేస్తుంది? బరువుని కాస్త పక్కకి జరుపుతుంది. పక్కనున్నది ఎవరు? మనకన్నా తక్కువది. అమ్మ దించుకున్న బిందె అట్లా ఇంకో జారిన కడుపు మీదికి వెళ్ళింది.

మౌనాన్ని బద్దలు కొట్టడమే విముక్తి అని నా తరం గట్టిగా నమ్మింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళ 'సవాలక్ష సందేహాలు' నేను 1990ల్లో చదివి, హాస్టల్ అమ్మాయిలతో చదివించాను కూడా. అలాంటి పుస్తకం లేకపోతే ఈ వ్యాసం రాసే భాష నాకు దొరికేది కాదు. ఆ నమ్మకం తప్పని అనను. చాలదంటున్నాను.

గోదావరి, ప్రాణహితల అవతల గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలని పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మంది. ఆ అంకెలు చదివి దిగ్భ్రాంతి చెందామని అందరం రాశాం. ఆ పల్లెల్లో బట్టలుతికే స్త్రీలు దిగ్భ్రాంతి చెంది ఉండరని నా అనుమానం.

ఓర్పు సంగతీ చూడాలి. అమ్మ పోయినప్పుడు, 2011లో, పెద్దకర్మ నాడు బంధువులంతా ఆమె ఓర్పుని మెచ్చుకున్నారు. భూదేవి అన్నారు. గుణం అనిపించుకోవాలంటే దాన్ని మానుకునే అవకాశం కూడా ఉండాలి గదా! ఓర్చుకోకపోతే ఏం చేసేది ఆమె? నేపాల్‌లో ఈ సమస్య చాలా ఎక్కువ. 2008లో అక్కడి సుప్రీంకోర్టు, గర్భసంచి జారిన స్త్రీలకి వైద్యం అందకపోవడం పునరుత్పత్తి ఆరోగ్య హక్కుకి భంగమేనని తీర్పు చెప్పింది. కొండదారుల్లో డోకోలు మోసే ఆడవాళ్ళ ఓర్పుని పొగడడం మాని, ప్రభుత్వాన్ని జవాబు అడిగింది. ఆ తర్వాత ఉచిత ఆపరేషన్లు చాలా చేశారు. 2014లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక వచ్చి, ఆపరేషన్లు సరే, చిన్ననాటి పెళ్ళిళ్ళూ, వరసకాన్పులూ, కాన్పైన వెంటనే బరువులూ అట్లాగే ఉన్నాయి గదా అని గుర్తుచేసింది. మళ్ళీ బిందె దగ్గరికే వచ్చింది సంగతి.

అమ్మకి ఆ నర్సింగ్‌హోమ్‌లో గర్భసంచి తీసేశారు. ఆ దశలో ఆపరేషన్ అనవసరమని నేననను. పుండు పడింది, మూత్రం ఆగింది. కానీ సంతకం నాన్న చేత పెట్టించారు. అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది?" అన్న వాక్యం అక్కడే విన్నాను. తర్వాత ఎన్ని చోట్ల విన్నానో లెక్కలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశమంతటా నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. వీటిలో ఎక్కువ భాగం జారినందుకు కాదు, రక్తస్రావానికీ, తెల్లబట్టకీ, క్యాన్సర్ వస్తుందన్న భయానికీ. అనవసరంగా గర్భసంచులు తీసేయకుండా మార్గదర్శకాలు అమలు చెయ్యమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలని ఆదేశించాల్సి వచ్చింది. దిగినప్పుడు చెబితే వినేవాడు లేడు, వినేవాడు దొరికితే తీసేస్తానంటాడు. ఈ రెంటి మధ్యా చెయ్యగలిగినవి చాలానే ఉన్నాయి. తొలిదశలో కండరాల వ్యాయామం బాధని తగ్గిస్తుంది. గర్భసంచిని ఉంచి పైకి బిగించి కట్టే ఆపరేషన్లని బొంబాయిలో శిరోద్కర్, పురందరే లాంటి మన డాక్టర్లే గత శతాబ్దంలో రూపొందించారు. మన దేశంలో చిన్న వయసువాళ్ళకి కూడా ఇది వచ్చేది మరి. పాశ్చాత్య దేశాల్లో యోని మార్గంలో ప్లాస్టిక్ వల కుట్టే పద్ధతి విపరీతంగా వాడి, ఎందరినో నొప్పులపాలు చేశాక, 2019లో అమెరికాలో జారుడుకి వాటి అమ్మకం ఆపించారు. అక్కడ కూడా ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి నొప్పి అంటుంటే మీ ఊహ అన్నారు. చెప్పినా ఇంతే.

గర్భసంచి తీసేసినంత మాత్రాన నులక బిగుసుకోదు. 2003లో అమ్మకి యోని పైభాగమే కిందికి దిగింది. ఈసారి చూసిన డాక్టరు ఇంకో ఆపరేషన్‌కి ముందు రింగు పెట్టి చూద్దామంది. వేలెడు మందాన మెత్తటి రింగు. మూడు నెలలకోసారి తీసి, కడిగి, పుండు పడలేదని చూసి మళ్ళీ పెట్టాలి. అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదీ ఉండేగా! దీనికి ఇంత చదువు చదవాలా?" అంది. డాక్టరు నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆ ఉండ నేర్పినామె అప్పటికి పోయి ఐదేళ్ళు.

2019లో నాకు దిగింది. మూత్రాశయం వైపు, రెండో దశ. రెండు కాన్పులు, రెండూ ఆసుపత్రిలో, బిందెలు మోసింది లేదు. నులకకి ఇవన్నీ పట్టవు. నేను చేసిన మొదటి పని చెబితే నవ్వుతారు. పుణెలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి, నడుం నొప్పిగా ఉందని రెండు వారాలు కాలేజీకి సెలవు పెట్టమన్నారని చెప్పాను. అమ్మ వాళ్ళ అత్తగారికి చెప్పిన అబద్ధమే. పదేళ్ళ క్రితం ఆ అబద్ధం విని నేను ఎంత తత్వచింతన చేశానో! ఏడాది తర్వాత అమ్మాయికి నిజం చెప్పాను. "చెప్పలేదేం?" అని కోప్పడింది. ఆ మాట వినగానే నాకు నాన్న గొంతు వినబడింది. అన్యాయం. పిల్లకి నిజంగానే బాధ కలిగింది. అయినా వినబడింది.

ఈ వ్యాసం రాయడానికి అమ్మ అనుమతి 2009లోనే తీసుకున్నాను. "నా సంగతి రాసుకో. దాని సంగతి మాత్రం దాని పిల్లల్ని అడుగు" అంది. అడగడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆమె కూతురు ఒంగోల్లోనే ఉందనీ, ఇస్త్రీ బండి నడుపుతోందనీ తమ్ముడి ద్వారా తెలుసుకుని పోయిన సంక్రాంతి తర్వాత వెళ్ళాను. నాకన్నా రెండేళ్ళు చిన్న. చిన్నప్పుడు నన్ను అమ్మాయిగారూ అనేది, ఇప్పుడు మేడమ్ అంది. బొగ్గుల పెట్టె పక్కన పెట్టి స్టూలు తుడిచి నన్ను కూచోబెట్టింది. ఆమె మాత్రం నిలబడే ఉంది. ఆమె మీరు అంటోంది, నేను నువ్వు అంటున్నాను. మధ్యలో గమనించి మార్చుకోబోతే ఇద్దరికీ ఇబ్బందిగా తోచి మళ్ళీ నువ్వులోకే దిగాను.

బిందెల సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆమె షర్టు మడతపెడుతూ విన్నది.

"మా అమ్మకా? మాకు చెప్పలా" అంది.

పేరు రాయనని చెప్పాను. రాసినా చదివేదెవరులే అంది. నీళ్ళు మోసిన సంగతి ఆమెకి గుర్తుంది. చిన్న బిందె తనే మోసేదట, ఎనిమిదేళ్ళప్పుడు. అది నాకు తెలియదు. తిరిగి వెళ్ళడానికి లేస్తుంటే, రోడ్డు వైపు ఒకసారి చూసి, దగ్గరికొచ్చి, "మేడమ్, ఆ రింగు ఎంతవుద్ది?" అని అడిగింది.

నాకు తెలియదు. నాకు పెట్టించుకున్నప్పుడు ధర అడగలేదు, బిల్లులో కలిపి కట్టేశాను. కనుక్కుని చెబుతానన్నాను. పెద్దాసుపత్రిలో బుధవారం చూస్తారేమో అంది. బుధవారమైతే గిరాకీ తక్కువ, బండి కోడలికి అప్పజెప్పి రావచ్చంది. సరే అన్నాను. పెట్టె ఎత్తబోతుంటే నేను అందుకోబోయాను. వద్దు, కాలుద్ది అంది.